ఐదుగురం, ఒక వ్యాను, ఆరు రాత్రులు: సరే అన్నాక వద్దనడం ఎలా?

ఈసారి ఉత్తరం మినియాపోలిస్ నుంచి వచ్చింది. రాసినామె పేరు వద్దన్నారు. చాలా పొడుగు ఉత్తరం, అందులో సగానికి సగం ఒక బాత్రూం గురించే. కుదించి చెబుతాను.

ఆమెకు 34 ఏళ్ళు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, ఆరేళ్ళ బాబు. మే నెలలో అత్తమామలు పల్నాడు నుంచి వచ్చారు, అక్టోబరు దాకా ఉంటారు. మామగారు ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అత్తగారికి షుగరు, రోజూ ఇన్సులిన్, పైగా మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. భర్త ఒక క్యాంపర్ వ్యాను అద్దెకు తీసుకుని అందరినీ సౌత్ డకోటా తిప్పుకొద్దామని, ఆగస్టు మొదటి శనివారం నుంచి ఆరు రాత్రులకు బుక్ చేశాడు. చేసేముందు ఈమెను అడిగాడు కూడా. అప్పుడీమె ఆఫీసు మీటింగులో ఉండి, మైకు మ్యూట్ చేసి, "సరేలే" అంది.

తర్వాత ఫొటోలు చూసింది. స్టవ్వు పక్కనే టాయిలెట్ తలుపు, ఆ తలుపు ఎదురుగానే మంచం. పైన కప్పు లేపితే గుడారంలాంటి ఇంకో పడక, దానికి నిచ్చెన. "నలుగురు పడుకోవచ్చు, బాబు ఎక్కడో అడ్జస్ట్ అవుతాడు" అన్నాడు భర్త. అత్తగారు నిచ్చెన ఎక్కలేరు కాబట్టి పెద్దవాళ్ళిద్దరూ కింద, వీళ్ళు ముగ్గురూ పైన. రాత్రి లేవాల్సి వస్తే మామగారి కాళ్ళ మీదుగా దిగాలి. బట్టలెక్కడ మార్చుకోవాలి, సరిగ్గా ఆ వారమే నెలసరి వచ్చేలా ఉంది, ఏం చేయాలి, వంట ఎవరు చేస్తారు, ఆ టాయిలెట్ డబ్బా ఎవరు ఖాళీ చేస్తారు. వంట సంగతి ఎవరూ ఎత్తలేదు, "అంటే నేనేనని అర్థం" అని రాశారు.

ఇదంతా భర్తకు చెబితే, "మీ అమ్మానాన్నలైతే ఇలాగే అనేదానివా?" అన్నాడట. అక్కడ తెగింది. ఎందుకంటే ఆరేళ్ళ కిందట పురుడు పోయడానికి వచ్చిన ఈమె తల్లిదండ్రులు ఆరు నెలలు వంటలు, పిల్లాడి బట్టలు, నిద్రలేని రాత్రులతో గడిపి, మేపుల్ గ్రోవ్‌లో గుడి, మాల్ ఆఫ్ అమెరికా, ఈ రెండే చూసి వెళ్ళిపోయారు. ఆ మాట ఈమె నోటి దాకా వచ్చి ఆగింది. ఈలోపు అతనే అన్నాడు: "నాన్న ముప్పై ఏళ్ళు జనాన్ని శ్రీశైలం, తిరుపతి తిప్పాడు. ఒక్కసారి కూడా కిటికీ పక్కన కూర్చుని పోలేదు." ఆ తర్వాత ఇంకేం మాట్లాడతారు?

మామగారేమో ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకున్నారు, బండి తనే తోలతానంటున్నారు. అత్తగారు ఇప్పటికి మూడుసార్లు, "అమ్మాయ్, ఆ బండిలో బాత్రూం ఎటుంటుంది?" అని అడిగారు. వచ్చే ఆదివారం లోపు రద్దు చేస్తే డబ్బంతా వెనక్కి వస్తుంది. "వద్దంటే కోడలు చెడగొట్టిందంటారు, సరే అంటే ఆరు రోజులు మింగలేక కక్కలేక తిరగాలి. ఏం చేయను?" అని అడిగారు.

అమ్మా, మీ అత్తగారు ఒకే ప్రశ్న మూడుసార్లు ఎందుకు అడిగారో ఆలోచించారా? మతిమరుపు వల్లయితే కాదు. మోకాళ్ళు వంగని మనిషి, షుగరు వల్ల రాత్రి రెండు మూడుసార్లు లేచే మనిషి, కొడుకు ముచ్చటపడి చేసిన ఏర్పాటును కాదనలేక, ప్రశ్న రూపంలో తన భయం మీకు చెప్పుకున్నారు. మీరు "లోపలే ఉంటుందత్తయ్యా" అని జవాబిచ్చి ఊరుకున్నారు. మీ ఇద్దరి భయమూ ఒకటే, ఒకరికి తెలియకుండా ఒకరు పడుతున్నారు. ఈ ఉత్తరం నాకు రాసే బదులు ఆవిడ పక్కన కూర్చుని ఫోనులో ఆ ఫొటోలు చూపించి ఉంటే సగం పని అయ్యేది. ఇప్పటికైనా మించిపోయింది లేదు. కొడుకు లేనప్పుడు చూపించండి. ఉన్నప్పుడు చూపిస్తే, "బానే ఉంది నాన్నా" అనేస్తారు, నాకు తెలుసు.

మీ ఉత్తరంలో మూడు గొడవలు కలగలిసి ఉన్నాయి. వ్యాను ఒకటి, అందులో చాకిరీ ఎవరిదన్నది ఇంకోటి, మీ అమ్మానాన్నలకు జరగనిది మూడోది. మీవారు మొదటిదాని గురించి మాట్లాడుతున్నాడు, మీరు మూడోదాన్ని మనసులో పెట్టుకుని రెండోదాని గురించి వాదిస్తున్నారు. అందుకే ఎంత మాట్లాడినా తెగడం లేదు.

ముందు వ్యాను సంగతి చూద్దాం, అది తేలికైనది, లెక్కల్లో తేలుతుంది.

నాకీ విషయంలో కాస్త అనుభవం ఉంది. కొన్నేళ్ళ కిందట మేము, మా చెల్లెలి కుటుంబం, మా అమ్మ కలిసి ఇలాంటి బండే అద్దెకు తీసుకుని అదే దారిన వెళ్ళాం. బండి ఇచ్చినవాళ్ళు టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయడం ఎలాగో చూపించమంటే ఒక వీడియో లింకు పంపి చేతులు దులుపుకున్నారు. మూడో రోజు పొద్దున్న క్యాంపు స్థలంలో మా మరిదిగారు గొట్టం బిగించానన్నారు, సరిగా బిగియలేదు. ఇంతకన్నా వివరంగా రాయను. ఆ బూట్లు అక్కడే పారేసి చెప్పులతో మౌంట్ రష్‌మోర్ చూశారు. ముందు రోజు రాత్రి బాడ్‌లాండ్స్ అనే బీడు కొండల పార్కులో గాలి. బండి ఊయలలా ఊగుతుంటే మా అమ్మ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, బస్టాండులో కూర్చున్నట్టు తెల్లార్లూ కూర్చునే ఉంది. అంత రాత్రి గడిపి కూడా, తెల్లవారాక కిటికీ తెర తీసి, ఇరవై అడుగుల దూరంలో గడ్డి మేస్తున్న బైసన్‌ను, అంటే అక్కడి అడవి దున్నను చూసి, "మన దున్నపోతే కదే, చలికి కంబళి కప్పుకుంది" అంది. ఇప్పటికీ ఊళ్ళో ఎవరొచ్చినా అమెరికా అంటే ఆ కిటికీ కథే చెబుతుంది. కాబట్టి మీవారి కల తప్పని నేననను. ఆ కిటికీ విలువేమిటో నాకు తెలుసు. కాకపోతే మేము రెండు రాత్రులు అనుకుని వెళ్ళాం, ఆ రెండే మాకు సరిపోయాయి.

ఇక లెక్కలు. ఎంతమంది పడుకోవచ్చన్నది వేరు, సీటు బెల్టులు ఎన్ని ఉన్నాయన్నది వేరు. నలుగురు పడుకునే వ్యాన్లలో చాలావాటికి బెల్టులున్న సీట్లు నాలుగే, కొన్నిటికి రెండే. మీ బాబుకు బూస్టర్ సీటు కావాలి, దానికి సరైన బెల్టున్న సీటు కావాలి. "ఎక్కడో అడ్జస్ట్ అవుతాడు" అన్నది రాత్రి పడకకు చెల్లుతుందేమో, గంటకు 80 మైళ్ళ హైవే మీద చెల్లదు. రేపే అద్దెవాళ్ళకు ఫోను చేసి బెల్టులు ఎన్నో అడగమనండి. నాలుగే అన్నారంటే మీ సమస్య అక్కడికక్కడే తీరిపోతుంది, ఎవరి మీదా నింద పడకుండా.

దూరం చూడండి. మినియాపోలిస్ నుంచి సౌత్ డకోటా పడమటి వైపున్న ర్యాపిడ్ సిటీ దాదాపు 600 మైళ్ళు. రానూపోనూ, అక్కడి తిరుగుడుతో కలిపి 1400 మైళ్ళకు తగ్గదు. అద్దెవాళ్ళు రోజుకు ఇన్ని మైళ్ళే ఉచితం అంటారు, ఆపైన మైలుకింత. ఆ బండ్లు గ్యాలనుకు పదిహేను మైళ్ళ చుట్టూ ఇస్తాయి. క్యాంపు స్థలానికి వేరే కట్టాలి, జనరేటరు వాడితే గంటకింత, శుభ్రం చేయకుండా ఇస్తే దానికింత. రోజు అద్దె ఒక్కటే చూసి మోటెల్ కన్నా చవక అనుకునేవాళ్ళు చివర్లో బిల్లు చూసి నోరు వెళ్ళబెడతారు. మీవారిని కూర్చోబెట్టి మొత్తం వేయించండి.

ఇంకో సంగతి, ఇది మీవారికి తెలిసినట్టు లేదు. ఆగస్టు మొదట్లో, రష్‌మోర్ ఉన్న బ్లాక్ హిల్స్ కొండల పక్కనే స్టర్జిస్ అనే చిన్న ఊళ్ళో మోటారు సైకిళ్ళ జాతర జరుగుతుంది. 1938లో మొదలైంది, లక్షల మంది వస్తారు. స్టర్జిస్ నుంచి ర్యాపిడ్ సిటీ అరగంట దూరం. ఆ పది రోజులూ చుట్టుపక్కల క్యాంపు స్థలాలు, గదులు దొరకవు, దొరికినా ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి, రోడ్ల మీద తెల్లారింది మొదలు ఒకటే మోత. మీ తేదీలు సరిగ్గా అందులోనే పడేలా ఉన్నాయి. ఆయన వ్యాను బుక్ చేశాడు సరే, రాత్రిళ్ళు దాన్ని ఎక్కడ నిలపాలో అది బుక్ చేశాడా? కస్టర్ స్టేట్ పార్కులో ఏడాది ముందే బుకింగులు తెరుస్తారు, వేసవి వారాంతాలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. బాడ్‌లాండ్స్‌లో సేజ్ క్రీక్ అని ఉచిత స్థలం ఉంది, బుకింగు లేదు, ముందొచ్చినవాళ్ళదే చోటు. బైసన్లు గుడారాల మధ్య నుంచి నడుచుకుంటూ పోతాయి, అద్భుతంగా ఉంటుంది, కానీ అక్కడ నీళ్ళు లేవు, కరెంటు లేదు, గుంట మరుగుదొడ్లు, పైగా మట్టి రోడ్డు. మట్టి రోడ్ల మీద తీసుకెళ్ళొద్దని చాలా అద్దె కాగితాల్లోనే రాసి ఉంటుంది. కరెంటు లేకపోతే కప్పు మీది ఏసీ ఆడదు, జనరేటరు రాత్రిపూట వేయనివ్వరు. ఆగస్టులో బాడ్‌లాండ్స్ ఎండ మన రెంటచింతల ఎండకు చుట్టమే, చాలా రోజులు తొంభై ఫారెన్‌హీట్ దాటుతుంది, వందకూ పోతుంది. మీ మామగారు తట్టుకుంటారేమో, ఇన్సులిన్ తీసుకునే అత్తగారి విషయంలో పరీక్ష పెట్టకండి.

ఇప్పుడు మీ బాత్రూం. సిగ్గుపడుతూ రాశారు, అక్కర్లేదు, ఇది అసలైన ప్రశ్న. ఇలాంటి వ్యాన్లలో చాలావాటికి టాయిలెట్ కింద ఒక చిన్న పెట్టె ఉంటుంది, ఐదు గ్యాలన్ల చుట్టూ పడుతుంది. ఇద్దరు అమెరికన్లు కాగితంతో కానిస్తే రెండు మూడు రోజులు వస్తుందేమో. ఐదుగురు మనుషులు, చెంబెడు నీళ్ళ అలవాటు, రాత్రి మూడుసార్లు లేచే పెద్దావిడ, రోజుకోసారి నిండుతుంది. అంటే రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు దాన్ని సూట్‌కేసులా లాక్కుంటూ పోయి ఖాళీ చేసి కడిగి తేవాలి. ఈ వాక్యం మీవారికి ఉన్నదున్నట్టు చదివి వినిపించి, "ఎవరు?" అని ఒక్క మాట అడిగి ఊరుకోండి. క్యాంపు స్థలాల్లో మామూలు బాత్రూంలు, స్నానాల గదులు ఉంటాయి, పగలు వాటినే వాడుకోవచ్చు. రాత్రి మాత్రం చీకట్లో, గడ్డిలో, మోకాళ్ళ నొప్పులతో నడవడం కష్టం. నెలసరి సంగతి కూడా అంతే, పగలు ఇబ్బంది లేదు, రాత్రులే కష్టం. ఆ రోజులు ఖాయమని మీకు అనిపిస్తే ఆ రెండు రాత్రులకు గది తీసుకోవాలని నేరుగా చెప్పండి, కారణం మామగారికి చెప్పక్కర్లేదు, భర్తకు చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

వంట గురించి ఒక్క మాటే. మూసి ఉన్న వ్యానులో పోపు వేస్తే పొగ అలారం మోగుతుంది, ఎండుమిరపకాయ ఘాటు రెండు రోజులు దుప్పట్లలోనే ఉంటుంది. బయట బల్ల మీద చిన్న గ్యాసు స్టవ్వు పెట్టుకుని వండుకోవాలి, గాలి వీస్తే అదీ కుదరదు. ఇంటి నుంచి పులిహోర, చపాతీలు, వేయించిన ఉప్మా రవ్వ, పొడులు, పచ్చళ్ళు పట్టుకెళ్ళి, మధ్యాహ్నాలు దారిలో తినేయడం మంచిది. అవి ముందురోజు రాత్రి మీరొక్కరే నిలబడి చేస్తే మాత్రం మీరు బండెక్కేసరికే అలిసిపోయి, చిరాకు పడి, "చూశావా దీనికి ఇష్టం లేదు" అనిపించుకుంటారు.

ఇక దారులు. ఒక్కోదానికి ఒక్కో ఖరీదు ఉంది, మీ ఇంట్లో ఏది చెల్లుతుందో మీకే తెలియాలి.

వ్యాను ఉంచి రాత్రులు తగ్గించడం ఒకటి. ఆరు రాత్రుల్లో రెండు వ్యానులో, నాలుగు గదుల్లో. బాడ్‌లాండ్స్‌లో సీడర్ పాస్ దగ్గర కరెంటున్న క్యాంపు స్థలాలూ ఉన్నాయి, పక్కనే బాత్రూంతో ఉండే చెక్క క్యాబిన్లూ ఉన్నాయి. పెద్దవాళ్ళిద్దరూ క్యాబిన్లో, మీరు ముగ్గురూ కూతవేటు దూరంలో వ్యానులో. మీవారి కల నిలుస్తుంది, మీకు తెర చాటు దొరుకుతుంది. ఖర్చు రెండింతలవుతుంది, అది మొదటి చిక్కు. రెండోది, "మమ్మల్ని గదిలో పడేసి వాళ్ళు బండిలో" అని పెద్దవాళ్ళకు అనిపించవచ్చు, కాబట్టి ఒక రాత్రి మామగారినీ బాబునూ వ్యానులో పడుకోనిచ్చి మీరు క్యాబిన్‌కు పోండి. నిజానికి ఆ వ్యాను ఎవరి కోసమో ఆ ఇద్దరికే ఇచ్చినట్టవుతుంది.

వ్యాను రద్దు చేసి మామూలు మినీవ్యాను తీసుకుని, గదుల్లో దిగుతూ తిరగడం ఇంకోటి. చూసేవన్నీ అవే. మీకు, అత్తగారికి ఇదే హాయి. కానీ మీవారి మనసు చిన్నబోతుంది, తేలిగ్గా తీసుకోకండి. తండ్రిని కిటికీ పక్కన కూర్చోబెట్టాలన్న కోరిక మీద ఆయన ఈ బండిని కట్టుకున్నాడు. రద్దు చేయించింది మీరేనన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అందుకే ఈ దారి తీసుకుంటే, సీటు బెల్టులు, స్టర్జిస్, అత్తగారి మోకాళ్ళు, ఈ మూడూ ఆయనే తెలుసుకుని ఆయనే రద్దు చేసేలా వదిలేయండి. మీరు గెలవాల్సిన పందెం కాదిది.

నాకు బాగా నచ్చిన దారి ఇంకోటుంది, మీకు వింతగా అనిపించవచ్చు. తండ్రీకొడుకులిద్దరే, కావాలంటే బాబును కూడా తీసుకుని, నాలుగు రాత్రులు వ్యానులో వెళ్ళిరావడం. మీరూ అత్తగారూ ఇంట్లో. ఆ కల మొదటి నుంచీ వాళ్ళిద్దరిదే కదా. ముప్పై ఏళ్ళు డ్యూటీల మీద ఊళ్ళు పట్టుకు తిరిగిన తండ్రితో ఈ కొడుకు ఎన్ని రాత్రులు గడిపి ఉంటాడు? ట్యాంకు ఖాళీ చేసేదెవరన్న ప్రశ్న కూడా రాదు. అత్తగారు, "నన్ను వదిలేసి వెళ్ళారు" అని బాధపడతారో, "బతికించారు తల్లీ" అంటారో ముందే కనుక్కోండి. బాధపడేలా ఉంటే వద్దు.

మీరొక్కరే సెలవు దొరకలేదని ఇంట్లో ఉండిపోవడం కూడా ఒక దారే, చాలామంది చేసేదే. అబద్ధం చెప్పాల్సి వస్తుంది, అక్కడ వంట అరిగిన మోకాళ్ళున్న అత్తగారి మీద పడుతుంది, తిరిగొచ్చాక ప్రతి ఫొటోలోనూ మీరు లేరన్న మాట మిగులుతుంది. నేనైతే చేయను. మీరు చేస్తే తప్పు పట్టను.

తేదీలు మాత్రం ఏ దారిలోనైనా మార్చండి. సెప్టెంబరులో లేబర్ డే దాటాక జనం తగ్గుతారు, ఎండ తగ్గుతుంది, బాబు బడి రెండు మూడు రోజులు పోతుంది, ఒకటో తరగతికి ఆకాశమేం ఊడిపడదు. సెప్టెంబరు చివర్లో కస్టర్ పార్కులో గుర్రాల మీద తరుముతూ వెయ్యికి పైగా బైసన్లను దొడ్డిలోకి తోలతారు, చూడ్డానికి జనం విరగబడతారు, ఆ రోజులు తప్పించుకోండి, లేదా దానికోసమే వెళ్ళండి.

అసలు ఇంత దూరం ఒకేసారి వద్దనుకుంటే, ముందు ఒక్క రాత్రి చూసుకోండి. మీ రాష్ట్రంలోనే లూవర్న్ ఊరి పక్కన బ్లూ మౌండ్స్ పార్కులో ప్రేరీ గడ్డి ఉంది, బైసన్ల మంద ఉంది, మీకు నాలుగు గంటల లోపే. ఒక్క రాత్రి ఐదుగురూ వ్యానులో పడుకుంటే, రెండో రాత్రి గురించి ఎవరూ వాదించాల్సిన పని ఉండదు, ఎటైనా సరే.

ఇక మామగారి డ్రైవింగు. ఇక్కడ మాత్రం నేను మెత్తగా చెప్పను. అద్దె కాగితంలో పేరు లేనివాళ్ళు స్టీరింగు పట్టుకుంటే సాధారణంగా ఇన్సూరెన్స్ వర్తించదు. పేరు రాయించినా, ఎడమచేతి వైపు స్టీరింగు, రోడ్డుకు కుడివైపు నడక, ఎత్తయిన బండి, అడ్డం వచ్చి కొట్టే గాలి. ఆ హైవే మీద పెద్ద ట్రక్కు దాటిపోయినప్పుడల్లా బండి పక్కకు జరుగుతుంది, 80 రాసి ఉన్నా 65 దాటకూడదు. కస్టర్ పార్కులో నీడిల్స్ హైవే అని ఉంది, దాని మీద ఒక సొరంగం వెడల్పు ఎనిమిది అడుగులే, ఎత్తు పది లోపు. మీ వ్యాను అద్దాలతో కలిపి, ఏసీతో కలిపి ఎంతో కొలిచి చూసుకోకుండా మీవారు కూడా అటు పోకూడదు. కానీ ఆయనకు "మీరు తోలకూడదు" అని మీరు చెప్పకండి, కొడుకు చేత చెప్పించండి, అదీ ఇలా: "నాన్నా, ముప్పై ఏళ్ళు నువ్వు తోలావు, ఈ ఆరు రోజులు నువ్వు ప్యాసింజరువి." ముందు సీటు ఇవ్వండి. మిచెల్ ఊళ్ళో గోడలన్నీ మొక్కజొన్న కండెలతో బొమ్మలు కట్టిన కార్న్ ప్యాలెస్ చూపించండి. ఛాంబర్లెయిన్ దగ్గర మిస్సోరీ నది, ఒడ్డున నక్షత్రాల బొంత పరిచి నిలబడ్డ యాభై అడుగుల ఉక్కు స్త్రీ విగ్రహం, అక్కడ టీ. నది దాటాక చేలు పలచబడి పచ్చిక బీళ్ళు మొదలవుతాయి, అక్కడివాళ్ళు రాష్ట్రాన్నే ఈస్ట్ రివర్, వెస్ట్ రివర్ అని రెండుగా చెప్పుకుంటారు. మర్డో దాటాక గడియారం గంట వెనక్కి పోతుంది, అత్తగారి ఇన్సులిన్ పాత టైము ప్రకారమే చూసుకోండి. కస్టర్‌లో గాడిదలు కారు కిటికీలో తల పెడతాయి, అత్తగారు మోకాళ్ళు వంచకుండానే చూడగలిగేది అదీ, బాబుకన్నా ఆవిడే ఎక్కువ నవ్వుతారు.

ఇక మూడోది, మీ అమ్మానాన్నలు. దీన్ని వ్యాను గొడవలో కలపకండి, కలిపితే "అదన్నమాట నీ అసలు బాధ" అని వ్యాను గురించి మీరు చెప్పిన న్యాయమైన మాటలన్నీ కొట్టుకుపోతాయి. అలాగని మింగకండి. మింగితే అది ఎక్కడో బయటపడుతుంది, రష్‌మోర్ కొండ మీద అరవై అడుగుల ముఖాలతో నలుగురు అధ్యక్షులు చూస్తుండగా మీరిద్దరూ పార్కింగు స్థలంలో గుసగుసగా తిట్టుకుంటారు. అతనికి నిజంగా గుర్తు లేకపోయి ఉండవచ్చు. ఆ ఆరు నెలలూ మినెసోటా మంచు, పసిబిడ్డ, ఎవరికీ ఒళ్ళు తెలియలేదు, మీరు కూడా అప్పుడు "ఎక్కడికైనా తీసుకెళ్దాం" అనలేదని మీరే రాశారు. ఈ ప్రయాణం సంగతి తేలాక, ఒక వారం ఆగి, కోపం లేనప్పుడు చెప్పండి: "మా అమ్మావాళ్ళను మళ్ళీ పిలుద్దాం, ఈసారి పని చేయించుకోవడానికి కాదు, చూపించడానికి." ఏ నెలో, ఎన్ని రోజులో కూడా చెప్పండి. తేదీ లేని కోరికకు అందరూ "తప్పకుండా" అంటారు, అక్కడితో సరి.

మీవారితో ఎలా మొదలుపెట్టాలని అడిగారు. నేనైతే ఇలా అంటాను: "ఆ రోజు మీటింగులో ఉండి సరే అన్నాను, చూసుకోలేదు, తప్పు నాదే. మావయ్యను తిప్పుదామన్నది నాకూ ఇష్టమే. ఆ బండిలో ఆరు రాత్రులు నా వల్ల కాదు, రెండు రాత్రులు వస్తాను. పొద్దున వంట నాది, రాత్రి వంట నీది, ఆ పెట్టె రోజూ నీదే. అత్తయ్యను మనిద్దరం కలిసి అడుగుదాం." సరే అన్నది మీరే కాబట్టి ఆ తప్పు మీరే ముందు ఒప్పుకుంటే, ఆయన దగ్గర ఆ ఆయుధం ఉండదు. అప్పటికీ "మీ అమ్మావాళ్ళైతే..." అంటే, "వాళ్ళనైనా ఆరు రాత్రులు అందులో పడుకోబెట్టను" అనండి. నిజం కూడా అదే కదా.

ఆదివారం దాకా ఆగొద్దు. రేపు బెల్టుల ఫోను, ఎల్లుండి అత్తగారికి ఫొటోలు, శుక్రవారం రాత్రి మీరిద్దరూ.

అన్నట్టు, ఏ బండిలో వెళ్ళినా, గదుల్లో దిగినా, ఒక ప్లాస్టిక్ చెంబు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. మా మరిదిగారు ర్యాపిడ్ సిటీలో నాలుగు షాపులు తిరిగి చివరికి మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా కొనుక్కొచ్చారు.